ప్రసాదం ముట్టని మనిషి

“వాడు ప్రసాదం ముట్టుకోలేదమ్మాయ్,” అంది ప్రసన్నలక్ష్మి ఆంటీ, అదేమంత పెద్ద విషయం కానట్టు.

నేను టీ కప్పు కింద పెట్టాను. గంట నుంచీ ఆవిడ శనివారం తమ కొత్తింట్లో జరిగిన సత్యనారాయణ వ్రతం గురించే చెబుతోంది. ఎవరు ఏ చీర కట్టుకొచ్చారో, పంతులుగారు కథను ఎలా పరిగెత్తించారో, కార్పెట్ మీద ఎవరి పిల్లాడు పాయసం ఒలకబోశాడో అన్నీ విన్నాను. నాకు ఓపిక తక్కువ. డిటెక్టివ్‌కి అది ఉండకూడని గుణమే. కానీ ఈ ఒక్క మాట కోసం ఇంకో గంటయినా కూర్చునేదాన్ని.

“ఎవరు ఆంటీ, బాబీనా?”

“వాడే. ఆకులో పెట్టి గుమ్మం దాకా పట్టుకెళ్లాను. వద్దాంటీ అన్నాడు. పోనీ తీర్థమన్నా పుచ్చుకోరా అంటే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆ ప్రసాదం కాదంటే ఏమవుతుందో అప్పుడే కదమ్మా కథలో విన్నాం. ఎవరైనా వద్దంటారా?”

“వ్రతం జరిగేటప్పుడు యాడ ఉన్నాడు?”

“బయటే. ఇంటి ముందు కార్లు సర్దుతూ నిలబడ్డాడు. హారతికి కేకేసినా రాలేదు. ఆ చలిలో తలస్నానం చేసొచ్చాడు, జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోరా, జలుబు చేస్తుంది అన్నాను. పలకలేదు.”

“పొద్దున వచ్చినాడా?”

“రాకపోవడమేంటి? గుమ్మానికి మావిడాకులు కట్టింది వాడే. కలశం పీట మీద పెట్టింది వాడే. అప్పుడు చక్కగా మాట్లాడాడు. తర్వాత మీ అంకుల్‌తో సామాన్లకని వెళ్లాడు. తిరిగి ఒంటిగంటకి వచ్చాక ఈ వేషం.”

పొద్దున కలశం పెట్టినవాడు మధ్యాహ్నానికి గడప తొక్కలేదు.

లండన్‌ హారోలో ఒక టేకవే హోటల్ పైన నాకు చిన్న ఆఫీసు ఉంది. ఈ కేసు కోసం నన్ను అక్కణ్ణుంచి బర్మింగ్‌హామ్ పిలిపించింది ఆంటీ భర్త సుబ్బరాజు. శనివారం పొద్దున పదకొండు గంటల ప్రాంతంలో జయకృష్ణ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని ఊరి నడిబొడ్డున వర్తకులు ఒకప్పుడు బేరాలాడుకున్న పాత ఎక్స్‌ఛేంజ్ భవనంలో తల పగలగొట్టి చంపేశారు. పాత భవనాల్ని ఏడాదికోసారి ఊరికే తెరిచి చూపించే రోజు అది. జనం కింద హాల్లో తిరుగుతుంటే పైన వరండాలో అతని ప్రాణం పోయింది. శవం సాయంత్రం తలుపులు వేసేటప్పుడు గానీ దొరకలేదు. ఆదివారం పోలీసులు అతని భార్య లాస్యను పట్టుకెళ్లారు. ఆ పిల్లకు అయిదో నెల. ఇవాళ సోమవారం, సాయంత్రానికి హత్యానేరం మోపుతామంటున్నారు. మోపితే ఆ బిడ్డ జైల్లోనే పుడుతుంది.

బాబీ ఆ జయకృష్ణకి సొంత చిన్నాన్న కొడుకు.

“ఆంటీ, బాబీ వాళ్ల ఇంట్లో ఈ మధ్య ఎవరన్నా పోయినారా?”

“లేదమ్మా. పోతే మైల అని చెప్పడూ…” ఆవిడ అక్కడే ఆగిపోయింది. “జయకృష్ణ పోయినట్టు మాకు సాయంత్రం ఆరింటికి కదా తెలిసింది.”

“మీకు ఆరింటికి. వానికి ఒంటిగంటకే తెలుసు.”

బయటివాడు శవాన్ని ముట్టుకుంటే తలస్నానంతో సరిపోతుంది. జ్ఞాతికి స్నానం చేసినా మైల పోదు. పది రోజులు దేవుడి దగ్గరికి రాకూడదు. ఎంత తెగించినవాడైనా ఇంకొకరింటి వ్రతంలోకి ఆ మైలతో అడుగుపెట్టడానికి భయపడ్డాడు.

“మరి లాస్య?” అని అడిగాను.

“ఆ పిల్ల హారతి కళ్లకద్దుకుంది. బొట్టు పెట్టించుకుంది. మొగుడికని ప్రసాదం ఫాయిల్‌లో చుట్టి బ్యాగులో పెట్టుకుంది.” ఆంటీ ఏడవడం మొదలుపెట్టింది. “అది ఇంకా దాని బ్యాగులోనే ఉందో, పోలీసులు పారేశారో.”

భర్తను చంపొచ్చిన ఆడది అతని కోసం ప్రసాదం మూట కట్టదు.

“అంకుల్ యాడున్నాడు?”

“పొద్దున్నించీ స్టేషన్‌లోనే కూర్చున్నారు. సొంత కూతురికైనా ఇంత చెయ్యరు.”

బాబీకి ఫోన్ చేసి, ఎక్స్‌ఛేంజ్ పైవరండా తాళాలు తీసుకుని రమ్మన్నాను. ఆ భవనం మరమ్మతుల కాంట్రాక్టు సుబ్బరాజుది. బాబీ ఆయన దగ్గరే సూపర్‌వైజరు. పైకెళ్లే తలుపు తాళం శనివారం వాడి జేబులోనే ఉంది.

*

ఇన్‌స్పెక్టర్ పెంబర్టన్‌కీ నాకూ నిన్న కలిసిన దగ్గర్నుంచీ పడదు. ఆయన దృష్టిలో నేను వాళ్లమ్మాయిని కాపాడటానికి వాళ్లవాళ్లు తెచ్చుకున్న మనిషిని. నా దృష్టిలో ఆయన భార్య దొరికితే చాలు, కేసు ముగిసిందనుకునే రకం.

“మీకు పది నిమిషాలు,” అన్నాడు ఎక్స్‌ఛేంజ్ తలుపు తీస్తూ.

ఈ ఎక్స్‌ఛేంజ్ కట్టించిన పట్టు వర్తకుడు స్పెయిన్‌లోని వెలెన్సియా వెళ్లి, అక్కడి పాత పట్టుబజారు చూసి మతిపోగొట్టుకుని వచ్చాడట. తాడు పేనినట్టు మెలితిరిగిన స్తంభాలు, కోసుగా పైకెళ్లే కమానులు అన్నీ అక్కడివే. అబద్ధమాడని వర్తకుడికి మేలు జరుగుతుందని గోడ చుట్టూ లాటిన్‌లో చెక్కించాడని వాకిట్లో బోర్డు ఉంది. జయకృష్ణ, లాస్య పెళ్లయ్యాక ఆ వెలెన్సియాకే వెళ్లొచ్చారు. దాని నకలు ఊళ్లోనే ఉంది, శనివారం తెరుస్తారు అంటే అతను రాకుండా ఉంటాడా? ఆ మాట అతనికి ఎవరో కావాలనే చెప్పారు.

నడుమ స్తంభం లేని మెలికల మెట్లెక్కి, పోలీసులు తెరిచి ఉంచిన పైవరండాలోకి వెళ్లాం. రాతి పిట్టగోడ అంచున రక్తం ఇంకా నల్లగా ఉంది. అందులో వెంట్రుకలు అతుక్కుని ఉన్నాయి. మొదటి దెబ్బ వెనక నుంచి పడింది. తర్వాత జుట్టు పట్టుకుని మొహాన్ని రాతికేసి కొట్టారు, ఒకసారి కాదు. రెండు పళ్లు పోలీసులకు అవతలి మూల దొరికాయి. చచ్చేముందు అతను పెనుగులాడాడు. గోళ్ల కింద నల్ల ఉన్ని దారాలున్నాయి.

“పోట్లాట శనివారం పొద్దున వాళ్ల ఫ్లాట్‌లో మొదలైంది. పక్కింటావిడ విన్నది. పది నుంచి పన్నెండు దాకా లాస్య ఎక్కడుందో చూసినవాళ్లు లేరు. శవం కింద ఇవి దొరికాయి.” పెంబర్టన్ ప్లాస్టిక్ సంచి ఎత్తి చూపించాడు. ఆకుపచ్చ గాజు ముక్కలు. “ఆవిడ చేతికి ఈ రంగువే ఉన్నాయి. మీ ఆడవాళ్లు తప్ప ఇవి ఎవరూ వేసుకోరు.”

“వేసుకున్నవని మీకెవరు చెప్పారు?”

“అంటే?”

“సంచి ఇటివ్వండి.”

ఇవ్వలేదు. నా మొహం ముందు పట్టుకున్నాడు. అది చాలు. నాలుగు ముక్కలు ఒకే తెల్లదారంతో కలిపి కట్టి ఉన్నాయి. ఆ దారాన్ని ఆయన చీరపోగు అనుకున్నాడట, రిపోర్టులో అలాగే రాయించాడు.

“ఇది కట్ట విప్పని గాజుల కట్ట. కొట్లో డజన్లుగా దారం కట్టి అమ్ముతారు. వేసుకోవాలంటే ముందు దారం తెంచాలి. దారంతో సహా చేతికి ఎక్కించుకునే ఆడదాన్ని నేనింతవరకూ చూడలేదు. లాస్య చెయ్యి చూశారా? రెండు-నాలుగు సైజు. ఇవి రెండు-ఎనిమిది పైనే. ఆ పిల్ల వేసుకుంటే జారి కిందపడతాయి.”

“మరి ఎవరివి?”

“ఎవరివీ కావు. వ్రతానికొచ్చిన ఆడవాళ్లకు తాంబూలంలో పెట్టి ఇవ్వడానికి కొన్నవి. శనివారం పొద్దున వ్రతం సామాన్లకు వెళ్లినవాడి దగ్గర ఉన్నవి. మీ హంతకుడి జేబులోంచి పడ్డాయి.”

పెంబర్టన్ సంచిని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. మనిషి మొండివాడే గానీ దొంగ కాదు. మెడ ఎర్రబడింది.

“ఇది నాకు నిన్ననే ఎందుకు చెప్పలేదు?”

“నిన్న నన్ను ఇక్కడ గడప తొక్కనిచ్చారా? ఆ అమ్మాయి గాజుల్ని మీ స్టేషన్‌లోనే ఒక్కసారి దీనితో కొలిచి చూస్తే నా అవసరమే ఉండేది కాదు. కడుపుతో ఉన్న పిల్లను రాత్రంతా కూర్చోబెట్టారు.”

“నా పని నాకు నేర్పకండి.”

“నేర్చుకుంటానంటే కదా.”

ఆయన నన్ను కొట్టేలా చూశాడు. తర్వాత పక్కకెళ్లి ఫోన్ చేశాడు. పావుగంట గడిచింది. అవతలి నుంచి ఫోన్ వచ్చింది. గాజులు కొలిచారు. లాస్యను బెయిల్ మీద వదిలేశారు.

“ఎవరో పెద్దాయన ఉన్నాడట, కారులో తీసుకెళ్లాడు,” అన్నాడు ముభావంగా.

“సుబ్బరాజు అంకుల్.” నా గుండెల మీద బరువు దిగింది. అసలు ఆ పని కోసమే కదా ఆయన నన్ను పిలిపించింది.

*

కింద హాల్లోకి దిగేసరికి బాబీ తాళాలగుత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇరవై ఆరేళ్లవాడు. రెండు రోజుల్లో మొహం పీక్కుపోయింది. పెంబర్టన్ వాడి వెనగ్గా వెళ్లి తలుపు మూసి దానికి వీపు ఆనించాడు. ఆయనకు తెలుగు రాదు గానీ ఎక్కడ నిలబడాలో తెలుసు.

“బాబీ, శనివారం ప్రసాదం ఎందుకు తీసుకోలేదు నాయనా?”

వాడు నేల చూశాడు. “ఆకలి లేదక్కా.”

“తీర్థానికి ఆకలి ఎందుకు?”

వాడు తాళాలగుత్తిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

“తలస్నానం ఎందుకు చేసినావు?”

“ఊరికే.”

“ఊరికే చేసినోడు లోపలికి రావచ్చు గదా. పొద్దున కలశం పెట్టిన చెయ్యి మధ్యాహ్నం హారతికి పనికిరాకుండా పోయిందా? మీ అన్న పోయినట్టు ఊరందరికీ సాయంత్రం తెలిసింది. నీకు మధ్యాహ్నానికే మైల ఎట్ల పట్టింది?”

పైన పిట్టగోడ మీద రక్తం చూసొచ్చిన కోపం నాకింకా దిగలేదు. దగ్గరికెళ్లి వాడి చొక్కా పట్టుకున్నాను.

“అన్నం పెట్టిన అన్న రా. వాని పళ్లు రాలిందాకా రాతికేసి కొట్టినావు. కడుపుతో ఉన్న వదినని నీ బదులు లోపల కూర్చోబెట్టి రెండు దినాలుగా కార్లు సర్దుకుంటా ఉన్నావు.”

వాడు కాదనలేదు. ఏడవలేదు. ఒక్కటే అడిగాడు. “వదిన స్టేషన్‌లోనే ఉంది కదా?”

“లేదు. విడిపించినా. అంకుల్ కారులో తీసుకుపోయినాడు.”

వాడి మొహం చూసి నేను రెండడుగులు వెనక్కి వేశాను. వాడు నన్ను ఒక్క తోపు తోశాడు. మెలికల స్తంభానికి నా భుజం తగిలి చెయ్యి మొద్దుబారింది. వాడు గోడవార పెట్టిన పరంజా గొట్టం ఒకటి లాక్కుని తలుపు మీదికి ఉరికాడు.

“తలుపు తియ్యి,” అన్నాడు పెంబర్టన్‌తో తెలుగులోనే.

పెంబర్టన్ కదల్లేదు. గొట్టం ఆయన మోకాలి మీద పడింది. ఎముక చప్పుడు హాలంతా వినిపించింది. అయినా ఆ మొండి మనిషి కిందపడుతూ వాడి కాలు వదల్లేదు. వాడు రెండోసారి ఎత్తాడు. ఈసారి తలకే. నేను వెనక నుంచి వాడి జుట్టు పట్టి లాగాను. మోచేత్తో నా మూతి మీద కొట్టాడు. నోరంతా రక్తం. నేనూ కిందపడ్డాను, వాణ్ణి పట్టుకునే పడ్డాను. గొట్టం దొర్లిపోయింది. వాడు దాని కోసం చెయ్యి చాచాడు. ఆ చేతి మీద నా బూటుకాలితో ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తొక్కాను. మణికట్టు దగ్గర విరిగింది.

వాడి కేకకి పైన కమానుల్లో పావురాలు లేచాయి.

“తలుపు తియ్యండక్కా,” అన్నాడు నేల మీదే. “నన్ను తర్వాత చంపుదురు గాని. ముందు తలుపు తియ్యండి. ఆయన వదినని చంపేస్తారు.”

“ఎవరు?”

“సుబ్బరాజు గారు.”

పెంబర్టన్ మోకాలు పట్టుకుని పళ్లు బిగబట్టి మావైపు చూస్తున్నాడు. ఆ పేరు ఒక్కటీ ఆయనకూ అర్థమైంది.

“అబద్ధాలాడితే రెండో చెయ్యి కూడా తొక్కుతా,” అన్నాను. కానీ నా గొంతు నాకే బలహీనంగా వినిపించింది.

“మైల పట్టాలంటే చంపాలా అక్కా? వింటే చాలదా?” వాడు ఏడుస్తున్నాడు. “నేను బయట కారులో ఉన్నాను. అన్నయ్యతో మాట్లాడి నచ్చజెబుతానని తాళాలు పుచ్చుకుని ఆయన ఒక్కరే లోపలికెళ్లారు. తిరిగొచ్చి సీటులో కూర్చుని, మీ అన్న పోయాడ్రా, బండి తియ్యి అన్నారు. నల్ల ఉన్ని కోటు మీద రక్తం. నోరెత్తితే మీ వదినకీ ఇదే అన్నారు. ఇంటికెళ్లి స్నానం చేసి పీటల మీద కూర్చుని వ్రతం చేసుకున్నారు.”

నిజమే. బయటివాడికి స్నానం చాలు. అది నేను ఆంటీ ముందు పెద్ద తెలివిగా లెక్క కట్టిందే. ఆ స్నానం చేసి దర్జాగా లోపల కూర్చున్నవాడు ఎవరా అని నేను అడగనే లేదు. బయట నిలబడ్డవాడి వెంటే పడ్డాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

“ఎందుకు చంపినాడు?”

“మొగిలయ్య అని మా దగ్గర పనిచేసేవాడు. పనిలో ఎదురుచెప్పాడని జులైలో ఆయన గొట్టంతో కొడితే చచ్చిపోయాడు. ఇండియా వెళ్లిపోయాడని అందరికీ చెప్పారు. మొగిలయ్య అద్దెకున్నది అన్నయ్య వాళ్ల ఫ్లాట్‌లోనే. మొన్న మంచం జరుపుతుంటే వాడి పాస్‌పోర్టు దొరికింది. పాస్‌పోర్టు లేకుండా ఇండియా ఎలా వెళ్లాడని అన్నయ్య ఆయన్నే అడిగాడు. పోలీసులకి చెప్తానన్నాడు.”

“లాస్యకు తెలుసా?”

“తెలుసో లేదో తేల్చుకోవాలనే ఆయన చూస్తున్నారు. వదిన లోపలుంటే ఆయన చెయ్యి పడదు. అందుకే నోరు మూసుకున్నాను.”

లాస్య ఆ పాస్‌పోర్టు సంగతి పోలీసులకు చెప్పేలోపు ఆమెను బయటికి రప్పించడానికి ఆయనకొక మనిషి కావాల్సి వచ్చింది. నన్ను పిలిపించాడు. రైలు టికెట్ కూడా ఆయనే కొన్నాడు. నేను ఆయన అడిగిన పని అడిగినట్టు చేసి, ఆ పిల్లను తీసుకెళ్లి ఆయన కారులో కూర్చోబెట్టాను.

పెంబర్టన్‌కి నాలుగు ముక్కల్లో ఇంగ్లీషులో చెప్పాను. ఆయన తిట్టలేదు. తలుపుకి ఆనుకుని కూర్చునే కంట్రోల్ రూంకి ఫోన్ చేసి కారు నంబరు కనుక్కోమన్నాడు. నేను స్తంభం అవతలికెళ్లి లాస్య మొబైల్‌కి చేశాను. చాలాసేపు మోగింది. ఎత్తింది సుబ్బరాజు.

“చెప్పమ్మా నాగేశ్వరీ.” నింపాదిగా ఉంది గొంతు.

“లాస్య ఏది అంకుల్?”

“నిద్రపోయింది పాపం. కాస్త గాలి తగులుతుందని ఊరి బయటికి తీసుకొచ్చాను.”

ఒక్క క్షణం ఆలోచించాను. ఆయనకు భయం ఉన్నంతసేపూ ఆ పిల్లకు ప్రమాదం. ఆ భయం తీసేస్తే కారు వెనక్కి తిరుగుతుంది.

“అంకుల్, ఘోరం జరిగిపోయింది. బాబీ అంతా ఒప్పుకున్నాడు. వాడొక్కడే చేసినాడంట. పోలీసులు పట్టుకోబోతే పైనుంచి దూకేసినాడు. ప్రాణం పోయింది. లాస్యను తొందరగా ఇంటికి తీసుకురండి. ఆ పిల్లకు మీరే నిదానంగా చెప్పాల.”

అవతల ఇంజను ఆగిన శబ్దం వినిపించింది.

“అయ్యయ్యో,” అన్నాడు చివరికి. “ఎంత పని చేశాడమ్మా. ఇంకేమన్నా చెప్పాడా?”

“ఇంకేం లేదంకుల్.”

“సరేనమ్మా. బయల్దేరుతున్నాం.”

నమ్మాడు. కళ్లు మూసుకుని స్తంభానికి చేరగిలబడ్డాను. అప్పుడు అవతల కారులో ఇంకో ఫోన్‌కి, ఆయన సొంతదానికి కాబోలు, మెసేజ్ వచ్చిన చప్పుడు రెండుసార్లు వినిపించింది.

వెనక్కి తిరిగి చూశాను. బాబీ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. విరిగిన చెయ్యి ఒళ్లో ఉంది. రెండో చేతిలో ఫోన్ ఉంది. నేను ఆయనకు ఏం చెప్పానో వాడికి తెలియదు. వదినను వదిలెయ్యమని బతిమాలుకుంటూ ఆయనకు మెసేజ్ పంపాడు.

“నాగేశ్వరీ,” అన్నాడు సుబ్బరాజు. గొంతు ఏమీ మారలేదు. “బాబీ పోయాడన్నావు కదా. అంతా చెప్పేశాను, వదిన్ని ఏం చెయ్యొద్దు అని వాడు ఇప్పుడే రాశాడు.”

కారు తలుపు తెరుచుకుంది. దూరంగా లాస్య నిద్రమత్తులో, “ఇల్లొచ్చిందా అంకుల్?” అని అడిగింది.

“వచ్చిందమ్మా, దిగు,” అన్నాడాయన. ఫోన్ పెట్టేశాడు.